కాగితం మీద 5.10, ట్రైలర్ మీద 5.41

విశాఖ నుంచి బస్తర్‌కు ఒక స్టీల్ వెసెల్, అంటే పరిశ్రమలో వాడే పెద్ద ఉక్కు పాత్ర, తీసుకెళ్లిన పని ఇది. ఓడీసీ లోడ్లకు, అంటే మామూలు కొలతలు మించిన సరుకులకు, రూట్ సర్వే, అనుమతులు, కదలిక చూసుకోవడం నా వృత్తి. క్లయింట్, తయారీ షాపు, సైటు, ఊళ్లలో కొన్నిటి పేర్లు రాయడం లేదు. కొలతలు మాత్రం నా పుస్తకంలో ఉన్నవే. తప్పులో పెద్ద వాటా నాదే కాబట్టి దాన్ని దాచకుండా రాస్తున్నాను.

నేపథ్యం

నిలబెట్టి వాడే వెసెల్ అది. షెల్ (గుండ్రటి ఒళ్లు) వ్యాసం 4 మీటర్లు, స్కర్టుతో (అడుగున నిలబెట్టే పీట) కలిపి పొడవు 10 మీటర్లు, బరువు 18 టన్నులు. లోబెడ్ (డెక్ కిందికి ఉండే ట్రైలర్) మీద పడుకోబెట్టి తీసుకెళ్లాలి. బరువు మామూలు ట్రైలర్ మోసేదే. వెడల్పు ఎక్కువే అయినా పైలట్ బండి ముందుండగా ఇబ్బంది లేదు. ఇబ్బందంతా ఎత్తుతోనే.

కేంద్ర మోటారు వాహన నియమాల్లో సరుకు బండి ఎత్తుకు పరిమితి ఉంది. 2020 సవరణలో అది 3.8 మీటర్ల నుంచి 4 మీటర్లకు పెరిగింది. మన లోడు దానికంటే మీటరు పైనే ఉంది, అంటే ప్రత్యేక అనుమతి తప్పదు. దారి సుమారు 300 కిలోమీటర్లు: లంకెలపాలెం దగ్గర జాతీయ రహదారి 16 ఎక్కి, నగరంలోకి వెళ్లకుండా సబ్బవరం, పెందుర్తి మీదుగా ఆనందపురం. అక్కణ్నుంచి నాతవలస, అక్కడ రహదారి 26 ఎక్కి విజయనగరం, గజపతినగరం, రామభద్రపురం, సాలూరు. పి.కోనవలస ఘాట్ ఎక్కి సుంకి దగ్గర ఒడిశాలోకి, కొరాపుట్, జయపురం, బొరిగుమ్మ మీదుగా రహదారి 63లో కోట్‌పాడ్, ఆ తరువాత ఛత్తీస్‌గఢ్. మూడు రాష్ట్రాలు. రవాణా, పోలీసు, విద్యుత్తు శాఖలు ఏ రాష్ట్రానివి ఆ రాష్ట్రానివే, వీటన్నిటికీ తోడు రైల్వే.

షాపు వాళ్ల డ్రాయింగ్ ప్రకారం లెక్క వేశాం. లోబెడ్ డెక్ 0.95 మీటర్లు, సాడిల్ (వెసెల్‌ను ఆనించే కర్ర దిమ్మ) 0.15, షెల్ 4.00. మొత్తం 5.10. ఐదు సెంటీమీటర్లు చేర్చి అన్ని దరఖాస్తుల్లోనూ 5.15 అని రాశాం. ఈ ఒక్క అంకె ఆరేడు ఆఫీసుల ఫైళ్లలోకి వెళ్లింది.

రూట్ సర్వే జనవరిలో జరిగింది. మా కుర్రాడు ఫైబర్ రాడ్ పట్టుకుని అడ్డొచ్చే ప్రతి తీగనీ, ప్రతి వంతెననీ, ప్రతి కొమ్మనీ కొలిచాడు. పొద్దున్నే ట్రాఫిక్ పల్చగా ఉంటుందని ఉదయం పూటే కొలిచాడు. ఆ సర్వే నేను చూశాను, బాగుంది. వీధికి అడ్డంగా వెళ్లే ఎల్‌టీ తీగ (ఇళ్లకు కరెంటు ఇచ్చే తక్కువ వోల్టేజీ తీగ) నేల నుంచి కనీసం 5.8 మీటర్లు, 11 కేవీ తీగ 6.1 మీటర్లు ఉండాలని నిబంధన. ఊళ్లలో ఎల్‌టీ తీగలు దానికంటే దిగువన ఉండటం కొత్తేమీ కాదు. మా పట్టికలో అన్నిటికంటే తక్కువ ఉన్నది గజపతినగరం దాటాక ఒక ఊళ్లో, 5.55. మన 5.15కు 40 సెంటీమీటర్ల ఖాళీ. ఆ స్పాట్‌కు ఎల్‌సీ (లైన్ క్లియర్, అంటే లైనులో కరెంటు ఆపే అనుమతి) కావాలని పక్కన రాసుకున్నాం.

ఎదురైన సమస్య

వెసెల్ తయారీ ఆలస్యమై ఏప్రిల్ రెండో వారానికి చేతికొచ్చింది. రాత్రి పూట లోడ్ చేశారు. నేను వెళ్లేసరికి చైన్లు బిగించేశారు. డిస్పాచ్ షీట్‌లో ఎత్తు 5.10 అని ఉంది. సంతకం పెట్టాను. టేపు తీయలేదు.

ఆ రోజుల్లో నాకున్న మంచి అలవాటు ఒకటే: పైలట్ జీపు బంపర్‌కు నిలువుగా ఫైబర్ రాడ్ కట్టడం, దాన్ని లోడు ఎత్తు కంటే పది సెంటీమీటర్లు పైకి పెట్టడం. అంటే 5.25. రాడ్ ముందు వెళ్లి దేన్నైనా తాకితే వెనకాల బండి ఆగిపోవాలి.

మరునాడు మధ్యాహ్నం రెండు గంటలకు ఆ ఊరికి చేరాం. లైన్‌మన్ రావడం ఇంకా అరగంట ఉంది. రాడ్ తీగను తాకుతుందేమో చూద్దామని జీపును అడుగులో అడుగు వేయిస్తూ పోనిచ్చాం. తాకలేదు గానీ, రాడ్ కొసకూ తీగకూ మధ్య నాలుగు వేళ్ల సందు మాత్రమే కనిపించింది. 5.55 ఉండాల్సిన తీగ 5.30కి దిగి ఉంది.

డ్రైవరు పెద్దాయన శ్రీకాకుళం వాసి. ముప్ఫై ఏళ్లుగా లోబెడ్లు నడుపుతున్నాడు. క్యాబిన్ దిగి, వెనక్కి నాలుగడుగులు వేసి, తల పైకెత్తి చూశాడు.

"బాబూ, తీగ సంగతి తరవాత. మన బండినే ఓసారి కొలిపించండి. ఆ మ్యాన్‌హోలు నాకు నిన్నట్నుంచీ నచ్చట్లేదు."

కొలిచాం. 5.41.

షెల్ మీద ఆకాశం వైపు ఒక మ్యాన్‌హోల్, అంటే మనిషి లోపలికి దిగే ద్వారం, ఉంది. దాని మెడ, ఫ్లాంజ్ (మూత బిగించే అంచు చక్రం) కలిపి షెల్ పైన 28 సెంటీమీటర్లు. షాపు వాళ్లు ఎత్తు లెక్క షెల్‌కే వేశారు. సాడిల్ కర్రలు కూడా 15 కాక 18 సెంటీమీటర్లవి పెట్టారు. 0.95, 0.18, 4.00, 0.28 కలిపితే 5.41. లెక్కలో గహనమేమీ లేదు. ఎవరో ఒకరు టేపు పట్టుకుని ఉంటే సరిపోయేది, ఆ ఒకరు నేనే కావాల్సింది. సబ్బవరం నుంచి ఆనందపురం దాకా మేం దాటొచ్చిన వంతెనలు గుర్తొచ్చాయి. జాతీయ రహదారుల మీద వాహనాల అండర్‌పాస్‌కు మామూలుగా పెట్టుకునే ఎత్తు 5.5 మీటర్లు. సరిగ్గా అంత ఎత్తున్న వంతెన కింద మా మ్యాన్‌హోల్‌కు మిగిలేది 9 సెంటీమీటర్లు. ఆ సాయంత్రం నాకు అన్నం సయించలేదు.

తీగ ఎందుకు దిగింది

ఇది కొంచెం నిదానంగా చెప్పాలి. సర్వే చేసే కుర్రాళ్లకు ఎవరూ చెప్పని విషయం ఇదే.

అల్యూమినియం తీగ వేడికి సాగుతుంది. 60 మీటర్ల దూరంలో ఉన్న రెండు స్తంభాల మధ్య తీగ 25 డిగ్రీలు వేడెక్కితే పొడవు పెరిగేది మూడున్నర సెంటీమీటర్లే. కానీ రెండు కొసలూ స్తంభాలకు బిగించి ఉంటాయి కాబట్టి ఆ పెరిగినదంతా మధ్యలో వేలాడే వంపులోకే వెళ్తుంది. మీటరు వంపు ఉన్న తీగ పావు మీటరు దాకా కిందికి రాగలదు. జనవరి ఉదయపు తీగా, ఏప్రిల్ మధ్యాహ్నం ఎండలో కరెంటు మోస్తున్న తీగా ఒకటి కావు. మా కుర్రాడి కొలత తప్పు కాదు, అది ఆ గంటకు నిజం. పట్టికలో తేదీ ఉంది గానీ గంట లేదు.

పైగా ఈ మూడు నెలల్లో అక్కడ రోడ్డు మీద కొత్త తారు పొర పడింది. ఎన్ని సెంటీమీటర్లు పొర వేస్తే పైనున్న తీగకూ వంతెనకూ అన్ని సెంటీమీటర్లు ఖాళీ తగ్గినట్టే.

ఏం అనుకున్నాం, ఏం వద్దనుకున్నాం

ముందు క్లయింట్ మనిషి ఫోన్లో అన్నది: "టైర్లలో గాలి కొంచెం తీసేయండి సార్, అందరూ చేస్తారు." నిజమే, చేస్తారు. మూడు నాలుగు సెంటీమీటర్లు దిగుతుంది. కానీ మా ముందు పి.కోనవలస ఘాట్ ఉంది. గాలి తక్కువున్న టైరు పక్కగోడలు వంగి వంగి వేడెక్కుతాయి. ఎక్కుడులో ట్రైలర్ టైరు పేలితే, 4 మీటర్ల వెడల్పు లోడుతో ఆ మలుపుల్లో పక్కకు తీసే చోటే ఉండదు. వంతెన కింద పది మీటర్లు పాకడానికి గాలి తీసి, దాటగానే నింపుకోవడం వేరు, గాలి తీసి వంద కిలోమీటర్లు నడపడం వేరు. పైగా మాకు కావాల్సింది నాలుగు కాదు, ఇరవై ఆరు సెంటీమీటర్లు.

రెండోది, ఆ ఊళ్లోనే ఒకాయన చెప్పిన మార్గం. పొడుగు వెదురు గెడతో తీగ ఎత్తి పట్టుకుంటే బండి కింద నుంచి పోతుంది. వరిగడ్డి లారీలు అలాగే పోతాయట. దీని గురించి నేను ఎవరితోనూ బేరమాడను. పచ్చి వెదురు కరెంటును ఆపదు. ఎండు వెదురు మీద చెమట చెయ్యి పడినా, మంచు పడినా అంతే. తీగ ఎత్తేవాడు లోడు మీదే నిలబడతాడు, ఆ లోడు ఉక్కు. ఎల్‌సీ తీసుకుని, లైన్‌మన్ వచ్చి, లైను ఆపి, ఎర్త్ చేశాక ఆయన మనుషులే ఎత్తాలి. అప్పటిదాకా నా మనుషులెవరూ లోడెక్కరు.

మూడోది ఆఫీసు నుంచి వచ్చింది. కాగితాలు సవరిద్దాం, 5.15 తీసేసి 5.45 రాసి మళ్లీ అనుమతులు తెద్దాం, ఈలోగా బండి రోడ్డు పక్కన ఉంటుంది. చట్టప్రకారం ఇందులో తప్పు లేదు. నేను గంటసేపు దీని మీదే కూర్చున్నాను. ఆఖరికి వద్దనడానికి ఒక్క రైల్వే గేటు చాలు.

సైటుకు ముందు విద్యుదీకరించిన లైను మీద ఒక లెవెల్ క్రాసింగ్ ఉంది. మిగతా చోట్ల పై వంతెనల మీదుగా దారి వెతికాం గానీ దానికి ప్రత్యామ్నాయం లేదు. అలాంటి గేటుకు రెండు వైపులా ఉండే హైట్ గేజ్ (ఎత్తైన బండ్లను ఆపే అడ్డ దూలం) ఎత్తు 4.67 మీటర్లు. పైన 25 వేల వోల్టుల కాంటాక్ట్ తీగ, గేటు దగ్గర దాని కనీస ఎత్తు 5.5 మీటర్లు. 4.67 దాటిన లోడు పోవాలంటే రైల్వే వాళ్లు పవర్ బ్లాక్ ఇచ్చి (అంటే కాసేపు కరెంటు ఆపి), తీగను ఎర్త్ చేసి, గేజ్ దూలం తీసి, దగ్గరుండి దాటించాలి. వాళ్లు మాకు ఒప్పుకున్నది 5.15కి. 5.41తో పోతే, పట్టాల మీద ఒక్క కుదుపుకు మ్యాన్‌హోల్ ఫ్లాంజ్ తీగను పట్టుకుని లాగొచ్చు. కరెంటు లేకపోయినా తీగ తెగితే ఆ లైనంతా ఆగిపోతుంది. అంకె మార్చి అడిగితే వాళ్లు ఒప్పుకోకపోవచ్చు, ఒప్పుకోకూడదు కూడా.

అలా ఒక నిర్ణయానికి వచ్చాను. కాగితాలు ఆరేడు ఆఫీసుల చేతుల్లో ఉన్నాయి. లోడు నా చేతుల్లో ఉంది. లోడును కాగితం దగ్గరికి తీసుకురావాలి.

తిప్పడం

వెసెల్ అడుగున తన సొంత సాడిళ్లు లేవు, నిలబెట్టేది కాబట్టి. రవాణా కోసం పెట్టిన కర్ర సాడిళ్ల మీద ఊరికే పడుకుని ఉంది. అంటే దాన్ని దొర్లించవచ్చు. మ్యాన్‌హోల్ ఆకాశం వైపు కాక పక్కకు వాలితే ఎత్తు తగ్గుతుంది.

ఎంత తిప్పాలి, ఎటు తిప్పాలి? షెల్ మీద ఇంకా మూడు నాజిళ్లు (పైపులు కలిపే మెడలు) ఉన్నాయి. రోడ్డు పక్క టీకొట్లో బిస్కెట్ డబ్బా అట్ట అడిగి తీసుకున్నాను. పెద్దాయన గ్లాసు బోర్లించి గుండ్రం గీశాడు, కుర్రాడు బ్లేడుతో కోశాడు. డ్రాయింగ్ చూసి నాజిళ్లను అంచు మీద పెన్నుతో గుర్తు పెట్టి, అగ్గిపుల్లలు గుచ్చి, కింద డెక్ గీత గీసి ఆ అట్టను తిప్పుతూ కూర్చున్నాం. ముందు నేను ఎడమవైపు అనుకున్నాను, రోడ్డు అంచు అటే కాబట్టి మ్యాన్‌హోల్ ఎదురొచ్చే బండ్లకు దూరంగా ఉంటుందని. అట్ట అటు తిప్పగానే ఎడమ దిగువన ఉన్న చిన్న నాజిల్ అగ్గిపుల్ల డెక్ గీతను దాటి కిందికి పోయింది. వెసెల్ కేంద్రం నుంచి డెక్‌కు 2.18 మీటర్లు, ఆ నాజిల్ కొస కేంద్రం నుంచి 2.20. రెండు సెంటీమీటర్లు తేడా. హైడ్రా క్రేన్‌తో తిప్పుతుంటే ఆ నాజిల్ మెడ వంగిపోయేది, ఎవరికీ కనిపించేది కాదు. కుడివైపు 45 డిగ్రీలు తిప్పితే అన్నీ ఖాళీగానే ఉన్నాయి. మ్యాన్‌హోల్ ఫ్లాంజ్ పైఅంచు షెల్ శిఖరం కంటే పన్నెండు సెంటీమీటర్లు దిగువకు వస్తుంది, పక్కకు చూస్తే షెల్ వెడల్పును కూడా దాటదు.

అట్ట లెక్క నాకు సరిపోయినా షాపు ఇంజినీరు లిఖితపూర్వకంగా ఒప్పుకునేదాకా ఆగాను. వెసెల్ లోపల ట్రేలను ఆనించే రింగులు ఉన్నాయి. వాళ్లు మ్యాన్‌హోల్ పైకి పెట్టింది వాటి కోసమేమోనని నా అనుమానం. అడిగితే కారణం వేరే: పైకి ఉంటే మూత బోల్టులు చూసుకోవడం సులువని. ఆ సులువు కోసమే మేం ఇక్కడ ఆగిపోయాం. ఆయన ఆ రాత్రే ఒప్పుకోలు పంపాడు.

రోడ్డు పక్క మెత్తటి నేల మీద ఈ పని చేయకూడదు. ఆరు కిలోమీటర్లు వెనక్కి, ఒక రైస్ మిల్లు కాంక్రీటు కల్లం ఉంది. మిల్లు యజమాని అద్దె మాట ఎత్తలేదు, ధాన్యం లారీలు వచ్చే వేళకు ఖాళీ చేస్తే చాలన్నాడు. బొబ్బిలి నుంచి రెండు పెద్ద హైడ్రాలు తెప్పించాం. చెరో కొసన నైలాన్ బెల్టును షెల్ చుట్టూ చుట్టి, సాడిల్ నుంచి జానెడు మాత్రమే లేపి, ఒక వైపు బెల్టు వదులుతూ రెండో వైపు లాగితే వెసెల్ గాలిలోనే నెమ్మదిగా దొర్లింది. షెల్ మీద సుద్దతో 45 డిగ్రీల గీత ముందే గీసి పెట్టాం. గీత సాడిల్ మధ్యకు రాగానే పెద్దాయన చెయ్యెత్తాడు. దించి, రబ్బరు పరిచి, చైన్లు మళ్లీ కట్టాం. తరువాత టేపు. మూడుచోట్ల, ఇద్దరు మనుషులు వేర్వేరుగా: 5.13.

ఈ మొత్తానికి ఒకటిన్నర రోజు పట్టింది.

మళ్లీ బయల్దేరాక

అదే ఊరి తీగ కిందికి తెల్లవారి ఆరు గంటలకు వెళ్లాం. కొలిస్తే 5.50. లైన్‌మన్ గారు ఎల్‌సీ తీసుకుని, లైను ఆపి, కింద నిలబడి చెయ్యి ఊపారు. ఎవరూ దేన్నీ ఎత్తాల్సిన పని పడలేదు. అప్పటినుంచి తీగలున్న ఊళ్లన్నీ తెల్లవారుజాము నుంచి పదింటి లోపే దాటేలా కదలిక పట్టిక మార్చేశాం. పది తరువాత బండి నీడపట్టున ఆగిపోవాల్సిందే. రోజుకు దూరం తగ్గింది, నాకు నిద్ర పట్టింది.

ఘాట్‌లో రెండు సంగతులు గమనించాం. మలుపుల్లో రోడ్డు లోపలి అంచుకు వాలి ఉంటుంది. వందకు ఏడు వాలు ఉంటే ఐదు మీటర్ల ఎత్తున లోడు శిఖరం 35 సెంటీమీటర్లు లోపలికి ఒరుగుతుంది. రోడ్డు మధ్యలో నిలబడి కొలిచిన కొమ్మ తగలదు గానీ లోపలి వైపు బండరాయి తగలొచ్చు. అలాంటి చోట్ల క్లీనరు వెసెల్ పక్కన నడిచాడు. చెట్టు కొమ్మలు నరకలేదు, దానికి అటవీశాఖ అనుమతి వేరు. తాడు వేసి పక్కకు లాగి పట్టుకున్నాం. రెండోది పల్లం. వంతెన కింద రోడ్డు గిన్నెలా పల్లంగా ఉంటే ట్రైలర్ ముందు వెనక చక్రాలు గట్ల మీద ఉంటాయి, నడుమ లోడు గాలిలో తేలుతుంది. పదకొండు మీటర్ల చక్రాల దూరానికి మామూలు పల్లంలోనే మూడు సెంటీమీటర్లు పోతాయి. వంతెన ఎత్తు బోర్డు ఈ సంగతి చెప్పదు.

కాగితాల్లో ఇంకో దెబ్బ సుంకిలో తెలిసింది. సరుకు రవాణాకు జీఎస్టీ కింద తీసే ఈ-వే బిల్లులో వాహనం రకం 'రెగ్యులర్' అని పడింది. రెగ్యులర్‌కు 200 కిలోమీటర్లకు ఒక రోజు గడువు, ఓడీసీకి 20 కిలోమీటర్లకే ఒక రోజు. 300 కిలోమీటర్ల దారికి ఓడీసీ అని పెట్టి ఉంటే పదిహేను రోజులు వచ్చేవి. మాకు రెండే వచ్చాయి. మిల్లులో ఆగిన రోజే అవి అయిపోవస్తున్నాయి. గడువు తీరడానికి ఎనిమిది గంటల ముందు నుంచి తీరాక ఎనిమిది గంటల దాకా పొడిగించుకోవచ్చు. ఆ కిటికీ మూసుకోవడానికి గంట ముందు పొడిగించాం. ఒడిశా కదలిక అనుమతి తేదీ కూడా ఒకటిన్నర రోజు ఆలస్యానికి చివరి అంచుకు వచ్చింది. దాన్ని పొడిగించుకోవడానికి కొరాపుట్‌లో రెండు రోజులు ఆగాం. ఒక రాష్ట్రంలో జారిన రోజు తరువాతి రాష్ట్రంలో రెండు రోజులవుతుంది.

రైల్వే గేటు దగ్గర రాత్రి బ్లాక్ ఇచ్చారు. రైల్వే ఇంజినీరు టార్చి వేసి లోడును తన టేపుతో తనే కొలిచారు. 5.13 అని రాసుకుని, మా కాగితంలోని 5.15తో పోల్చి, తల ఊపారు. నడక వేగంతో, మధ్యలో బ్రేకు వేయకుండా దాటించాడు పెద్దాయన.

ఈ పని తరువాత మార్చుకున్నవి

డిస్పాచ్ షీట్‌లో ఇంకొకరు రాసిన ఎత్తుకు సంతకం పెట్టను. చైన్లు బిగించి, టైర్లలో పూర్తి గాలి ఉండగా, చదును నేల మీద, లోడు మీద అన్నిటికంటే ఎత్తైన బోల్టు దాకా నేనే కొలుస్తాను. ఆ కొలత ఫొటో తీసి డ్రైవరు ఫోన్లో ఉంచుతాను. డ్రైవరు నచ్చట్లేదంటే అప్పుడే మళ్లీ కొలుస్తాను. పెద్దాయన ముందు రోజే నోరు తెరవకపోవడానికి కారణం, అడిగే అలవాటు మా పద్ధతిలో లేకపోవడం. ఇప్పుడు బయల్దేరే ముందు అడుగుతాం.

వెసెల్ ఆర్డరు డ్రాయింగ్ దశలో ఉండగానే షాపుకు వెళ్లి, పడుకోబెడితే ఏ నాజిల్ ఎటు ఉంటుందో అడుగుతున్నాను. తిప్పడం వర్క్‌షాప్‌లో అరగంట పని.

రూట్ సర్వే పట్టికలో మూడు గడులు పెంచాం. ఒకటి కొలిచిన గంట. రెండోది కొలిచింది రోడ్డు మధ్యనా, అంచునా అన్నది. మూడోది పల్లమా, చదునా, వాలా అన్నది. చలికాలం ఉదయం కొలిచిన ఎల్‌టీ తీగకు వేసవి కదలిక అయితే 30 సెంటీమీటర్లు తీసేసి చూస్తాం. లోడు బయల్దేరే వారంలో అతి తక్కువ ఖాళీ ఉన్న ఐదు చోట్లను మధ్యాహ్నం రెండు గంటలకు మళ్లీ వెళ్లి కొలిచి వస్తాడు మా కుర్రాడు. మొన్నటి పనికి వెళ్లినప్పుడు అందులో ఒక చోట రోడ్డు మీద కొత్త తారు ఇంకా వెచ్చగానే ఉందని ఫోన్ చేశాడు.